పెద్దమ్మ పాటకి మాస్టరింగు

సుంకరమెట్ట,
12 జూన్ 2003

హైదరాబాదు మహానగరంలో సౌండ్ ఇంజనీరుగా వెలుగుతున్న మా బామ్మర్ది కామేష్ గారికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో నీ ఉత్తరం చూసి తెలుసుకుందామంటే అది వచ్చి ఎనిమిది నెలలయింది. నువ్వు వచ్చి ఆరేళ్ళయింది. ఆ లెక్క మీ అక్క నీలవేణి రోజూ చెబుతుంది కాబట్టి నేను చెప్పను.

అసలు సంగతి. మన ఇంట్లో స్టూడియో పెట్టాను. నవ్వకు. రాగులు, సామలు పోసుకునే వెనకగది ఖాళీ చేసి గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాను. అరకు సంతలో గుడ్లమ్మేవాడు "ఏటి బావూ, ఉత్త అట్టలు కొంటన్నావు, గుడ్లొద్దా?" అని రెండుసార్లు అడిగాడు. విశాఖలో ఎవరో వదిలించుకున్న పాత కంప్యూటరు, ఒక మైకు, ఒక సౌండ్ కార్డు తెచ్చాను. పద్నాలుగేళ్ళుగా లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగుతున్నవాణ్ణి, వైర్లంటే నాకు భయమేమిటి?

దీనంతటికీ కారణం మీ పెద్దమ్మ. మీ అమ్మ పోయాక మీ ఇద్దరినీ పెంచిన మనిషి, పేరుకి చిన్నమ్మలు, ఇప్పుడు ఒక పగ పట్టింది. పక్క ఊరి అప్పలనర్సమ్మ, ఒకప్పుడు మీ పెద్దమ్మ భుజం పట్టుకుని వెనక వంత పాడిన మనిషి, పార్వతీపురం వెళ్ళి క్యాసెట్టు చేయించుకుంది. సంత రోజున ఏ జీపులో చూసినా అదే పాట. మొన్న మీ పెద్దమ్మ జీపెక్కింది. డ్రైవరు ఆ క్యాసెట్టు పెట్టగానే దారిలో దిగిపోయి రెండు మైళ్ళు నడిచి ఇంటికొచ్చింది. చెమటైనా తుడుచుకోకుండా నాతో అంది:

"దాని పాట జీపులో ఇనపడతాది. నా పాట జీపు ఎల్లిపోనాక కూడా ఇనపడాల. అంత గట్టిగా సెయ్యి."

పన్నెండు పాటలు పాడించాను. తుడుం మన సుక్రు కొట్టాడు. ఇక మాస్టరింగు మిగిలింది. రికార్డు చేసిన పాటను క్యాసెట్టుకి ఎక్కించే ముందు ఆఖరుసారి తుడిచి సరిచేయడాన్ని అలా అంటారని ఏదో పత్రికలో చదివాను. దానికి వాడే సామాన్ల ధరలు కూడా అందులోనే చదివి పత్రిక మూసేశాను. నువ్వు రోజూ వాటి మధ్యే కూర్చుంటావు. లైన్‌మన్ జీతగాడు కొనగలిగినవి ఏవైనా ఉంటే రాయి. మచ్చుకి మూడు పాటలు సీడీలో పంపుతున్నాను.

గుడ్ల అట్టల మధ్య నుంచి,
నీ బావ సర్వేశ్వరరావు

కృష్ణానగర్, హైదరాబాద్,
29 జూన్ 2003

బావా,

సీడీ విన్నాను. మొదటి పాటలో మూడు గొంతులున్నాయి. ఒకటి పెద్దమ్మది. రెండోది సుక్రు తుడుం. మూడోది మీ కరెంటు డిపార్టుమెంటుది. ఆ హోరు మొదటి నుంచి చివరిదాకా శ్రుతి తప్పలేదు, నిజం చెప్పాలంటే ముగ్గురిలో అదే నిలకడగా పాడింది. మండలానికి వెలుగిచ్చే లైన్‌మన్ ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ముందు చూసుకో. గుడ్ల అట్టలు కరెంటు హోరును ఆపవు. గుడ్లను కూడా సరిగ్గా ఆపలేవు, నేను బస్సులో తెచ్చుకుని చూశాను.

సామాన్లు అడిగావు. నన్నడిగితే ఒక్కటీ కొనకు. నీ కంప్యూటర్లో ఇప్పటికే ఈక్వలైజర్ ఉంటుంది. దానితో ఎనభై కింద ఉన్నదంతా కోసెయ్. ఎనభై అంటే శబ్దం ఎంత లావుగా ఉందో చెప్పే అంకె. ఎంత కిందికి వెళ్తే అంత లావు. నీ హోరు అక్కడే కాపురముంది. గట్టిదనం కోసం లిమిటర్ అనేది ఒకటి ఉంటుంది. పాటలో పైకి లేచిన అరుపుల్ని తలుపు దగ్గరే ఆపి, మిగిలినదాన్నంతా పైకి తోస్తుంది. ఉప్పులాంటిది, చిటికెడు వెయ్యి. బస్తా ఒంపకు.

ఇంకొకటి. పెద్దమ్మ "స" అన్నప్పుడల్లా ఈల వినిపిస్తోంది. మన యాసలో "చ" ఎక్కడుంది? చేను సేను, చెప్పులు సెప్పులు, చెల్లి సెల్లి. దాంతో పాటంతా ఈలే. పొయ్యి మీద కుక్కరు మరిచిపోయారేమో అనుకున్నాను. పోయినేడు వైద్య శిబిరంలో కట్టుడు పళ్ళు పెట్టించుకుందని అక్క రాసింది, వాటి పనేనా? దానికి డీ-ఎస్సర్ అని ఒక సాధనం ఉంది, "స" మీద చెయ్యేసి నొక్కుతుంది. అంతకంటే చవకైనది చెప్తాను: పాడేముందు ఆ పళ్ళు తీసి గ్లాసులో వేయించు. ముసలిదానికి పాటకి పళ్ళెందుకు, పాటను నమలాలా?

పనుంది, ఉంటాను. ఈ నెల రెండు సినిమాలు నా నెత్తిన ఉన్నాయి.

కామేష్

సుంకరమెట్ట,
22 జూలై 2003

ఇంజనీరు గారూ,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను స్తంభం మీదున్నాను. దిగి ఇంటికొచ్చేసరికి మీ అక్క అరుగు మీద కూర్చుని దాన్ని పైకి చదువుతోంది. మన ఇంట్లో ఉత్తరమంటే రేడియో లాంటిదని నీకు తెలుసు కదా, ఒకరు చదివితే పది మంది వింటారు. కరెంటు డిపార్టుమెంటు దగ్గర అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. తర్వాత పళ్ళ దగ్గరికి వచ్చింది. మీ అక్క ఆగుదామనుకుంది గానీ, వాక్యం మధ్యలో ఆగడం చదివేవాళ్ళకి కుదరదట.

మీ పెద్దమ్మ కుడుతున్న అడ్డాకుల విస్తరి పక్కన పెట్టింది. తర్వాత అంది: "నమలాలా అన్నాడా? ఆ గుంటడికి పళ్ళు రానప్పుడు ముద్దలు నమిలి పెట్టినది ఎవుర్రా?"

ఇకమీదట నీ పేరు ఎత్తొద్దంది. పళ్ళు తీయడానికి కూడా ఒప్పుకోలేదు. "అప్పలనర్సికి పళ్ళు లేవు. నాకున్నాయి. క్యాసెట్టులో నా పళ్ళు ఇనపడాల" అంది.

అందుకని విశాఖ వెళ్ళాను. కంప్యూటరు షాపువాడు ఎవరి పాటలని అడిగాడు. మా కొండవాళ్ళవి అన్నాను. "కొండోళ్ళ పాటలకి ఇది సరిపోతుంది, ఎక్కువే" అని ఒక సీడీ చేతిలో పెట్టాడు. అందులో నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి. నెల రోజులు ఉచితమట. ఇంతకంటే చవక ఏముంటుంది?

అన్నీ వాడాను. డీ-ఎస్సర్‌ని పూర్తిగా తిప్పాను. ఈల పోయింది. "సూడు" అన్నచోట "తూడు" అని, "సెప్పు" అన్నచోట "తెప్పు" అని వస్తోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి పసిపిల్లలా పాడుతోంది, ముద్దుగానే ఉంది. ఎనభై కింద కోశాను. హోరు చాలావరకు పోయింది, దానితోపాటు సుక్రు తుడుం కూడా పోయింది. సుక్రు వచ్చి విన్నాడు. "సేతులు బొబ్బలెక్కీలాగ కొట్టినాను. దెబ్బలన్నీ ఏటయినాయి? ఈ పుల్లలు విరిసిన సప్పుడు ఎవుడిది?" అన్నాడు. హైదరాబాదు ఇంజనీరు కోయమన్నాడని చెప్పాను. ఇప్పుడు అతనూ నీ పేరు ఎత్తడం లేదు.

లిమిటర్‌లో ఒక గీత ఉంది. కిందికి లాగుతుంటే పాట గట్టిపడుతుంది. చిటికెడు అన్నావు గానీ, జీపు వెళ్ళిపోయాక కూడా వినపడాలన్న మాట గుర్తొచ్చి అడుగుదాకా లాగాను. వంద క్యాసెట్లు సంతకి వెళ్ళిపోయాయి. ఒకటి నీకు.

విజయగర్వంతో,
నీ బావ

హైదరాబాద్,
10 ఆగస్టు 2003

బావా,

సంతకి పంపేముందు ఆ క్యాసెట్టు ఒక్కసారైనా చివరిదాకా విన్నావా? నిమిషానికొక కూత ఉంది. "కూ" అని, రైలు సిగ్నల్లాగా. నెల రోజులు ఉచితం అంటే ఏమనుకున్నావు? డబ్బు కట్టి కొనేదాకా ఆ లిమిటర్ నిమిషానికోసారి అలా కూసి గుర్తుచేస్తుంది. ఒకటో పాటలో మూడు కూతలు, వరినాట్ల పాటలో ఐదు. పెళ్ళి పాట అయితే ఇంకేం చెప్పను, కూతలు మొదలయ్యాయంటే ఆపే దిక్కు లేదు.

గట్టిదనం సంగతి. ఊపిరి పీల్చుకున్నదీ పాడినదీ ఒకే ఎత్తులో ఉన్నాయి. పెద్దమ్మ గుసగుసగా అన్న మాట కూడా మీద పడి కరుస్తోంది. ఆ డీ-ఎస్సర్ గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు. తూడు బావా, తెప్పినా వినవు.

క్యాసెట్లన్నీ వెనక్కి తెప్పించు. పెద్దమ్మకి నా క్షమాపణ చెప్పు. నేనన్నది వేళాకోళానికి. మనిషి ఎదురుగా ఉంటే నవ్వేది, కాగితం మీద నవ్వు కనబడలేదు. ఈ ఉత్తరం మాత్రం అక్క చేతికివ్వకు.

కామేష్

సుంకరమెట్ట,
15 సెప్టెంబరు 2003

కామేష్‌కి,

అక్క చేతికివ్వకు అన్న మాట ఉత్తరం చివర రాశావు. అక్కడిదాకా చదివాకే అది తెలిసింది అక్కకి.

"పెళ్ళి పాటలో కూతలు, ఆపే దిక్కు లేదు" అన్నది పైకి చదివేసింది. మీ పెద్దమ్మకి తెలిసిన కూతలు కారుకూతలే. "నాను కారుకూతలు పాడినానా? పెళ్ళిలో అందరూ పాడతారు, నానొక్కదాన్నేనా?" అని లేచి వెళ్ళి గోడ మీది నీ ఫొటోను వెనక్కి తిప్పేసింది. నేను మరలా తిప్పాను. ఆవిడ మళ్ళీ తిప్పింది. ఫొటో ఇప్పుడు గోడను చూస్తోంది.

క్యాసెట్లు వెనక్కి తెప్పించడం కుదరదు. ఒక్కటీ మిగల్లేదు. కారణం విని ఏడుస్తావో నవ్వుతావో నీ ఇష్టం. టీవీలో బూతు మాట వస్తే "కూ" అని కప్పేస్తారు కదా, సంతలో జనం ఇదీ అదే అనుకున్నారు. చిన్నమ్మలు పాడిన బూతులు భరించలేక సర్కారువాళ్ళు కప్పేశారని పుకారు. ఆ కూతల కింద ఏముందో ఊహించడం కోసమే కొంటున్నారు. జీపు డ్రైవర్లు కూత వచ్చినప్పుడల్లా క్యాసెట్టు వెనక్కి తిప్పి ప్రయాణికులతో పందేలు కాస్తున్నారట. ఈ పుకారు పుట్టించింది అప్పలనర్సమ్మేనని అందరూ అంటున్నారు.

మొదట నేనూ నవ్వాను. తర్వాత మీ పెద్దమ్మ సంతకి వెళ్ళడం మానేసింది. అడ్డాకులు కుట్టి పక్కింటివాళ్ళ చేత పంపిస్తోంది. మూడు సంతలయింది. పొలంలో కూడా నోరు విప్పి పాడటం లేదు. నాట్లలో ఆవిడ పాట ఎత్తుకోకపోతే మిగిలిన ఆడవాళ్ళు ఉత్తి చేతులతో నాటినట్టు నాటుతున్నారని మీ అక్క చెప్పింది.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ నీది కాదా? ఇంజనీరువి. నాలుగు వాక్యాల వేళాకోళం రాసి పడేశావు. ఊరికి తెలిసిన గొంతు అది. నీకు అన్నం పెట్టిన గొంతు. నెలకి రెండు సినిమాలు నెత్తిన ఉన్నవాడివి, ఆవిడకోసం ఒక్క పూట కూర్చోలేవా? అసలు రికార్డింగులు మూడు సీడీల్లో పంపుతున్నాను. నీ స్టూడియోలో, నీ చేత్తో చెయ్. చెయ్యకపోతే ఇంజనీరు అన్న మాట ఈ ఇంట్లో నేను ఇక అనను.

సర్వేశ్వరరావు

హైదరాబాద్,
5 అక్టోబరు 2003

బావా,

ఈ ఉత్తరాన్ని మొదటి వరుస నుంచే అక్క చేతికివ్వకు.

ఇంజనీరు అన్న మాట నువ్వు మానేయడమే మంచిది. నేను ఇంజనీర్ని కాను. ఎప్పుడూ కాలేదు. టేపులూ డిస్కులూ ఒక గదిలోంచి ఇంకో గదికి మోస్తాను. వాటి మీద పేర్లూ తేదీలూ రాస్తాను. టీ తెస్తాను. రెండు సినిమాలు నెత్తిన ఉన్నాయన్నది నిజమే, నెత్తిన పెట్టుకునే మోస్తాను. మొదటి ఏడాది ఉత్తరంలో "సౌండ్ డిపార్టుమెంటు" అని రాశాను, రెండో ఉత్తరానికి నువ్వే "ఇంజనీరు" చేశావు, నేను కాదనలేదు. ఆ తర్వాత ఏ ముఖంతో రాను? బస్సు దిగగానే నువ్వు నలుగురికి చూపించి చెబుతావు. అందుకే రాలేదు.

నీకు రాసిన సలహాలన్నీ తలుపు దగ్గర నిలబడి విన్నవి. "ఎనభై కింద కోసెయ్" అన్నది ఒక టీవీ సీరియల్లో అత్తగారి గొంతుకి. తుడుంకి కాదు. సుక్రుకి ఏం చెబుతావో చెప్పు.

మా దగ్గర అసలు ఇంజనీరు దివ్య మేడమ్. మీ సీడీలు పట్టుకుని వారం రోజులు ఆవిడ గది ముందు తిరిగాను. చివరికి ఇచ్చాను. నిలబడే అర నిమిషం విని, "వీళ్ళింట్లో ఎర్తింగ్ లేదు" అంది. మా బావ లైన్‌మన్ అన్నాను. టీ ఒలికేలా నవ్వింది. తర్వాత కూర్చుంది. ఎనభై కింద కోసినా హోరు పోదట. దాని పిల్లలు నూరు దగ్గరా నూటయాభై దగ్గరా ఉంటాయి, పాటను చంపకుండా వాటినన్నిటినీ ఏరలేమంది. ఏ సాధనమూ కొనొద్దంది, ఒక్క రాగి కడ్డీ తప్ప. దాన్ని భూమిలో పాతి ఎర్తింగ్ పెట్టమంది. గుడ్ల అట్టల గది వదిలేసి ఆరుబయట పాడించమంది. పళ్ళ ఈలకి ఖర్చులేని మందు చెప్పింది: మైకు నోటికి ఎదురుగా పెట్టకుండా జానెడు పక్కకి జరపమంది. లిమిటర్ కావాలంటే ఇంటర్నెట్‌లో కూయనివీ దొరుకుతాయట, పూర్తిగా ఉచితం, ఎవరో సరదాకి రాసి పెట్టినవి. ఒకటి సీడీలో పెట్టి పంపుతున్నాను. ఏం చేసినా జీపులో పెట్టి విన్నాకే సంతకి పంపమంది.

మళ్ళీ పాడించగలిగితే పాడించు. పాడకపోతే ఆవిడ తప్పేమీ లేదు.

కామేష్

సుంకరమెట్ట,
20 డిసెంబరు 2003

కామేష్‌కి,

ఇంత ఆలస్యంగా ఎందుకు రాస్తున్నానంటే కోపం వచ్చింది కాబట్టి. నీ ఉత్తరం రెండు నెలలు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. మండలమంతా చెప్పుకు తిరిగింది నేను. ఎవరి ఇంట్లో ఫ్యూజు వేసినా, వైరు కట్టినా, మధ్యలో నీ సంగతి తేకుండా దిగలేదు. కోపం నీ మీదో నా మీదో తేలక రోజూ ఆ కాగితం తీసి చూసుకునేవాణ్ణి.

ఆ కోపంలోనే గొయ్యి తవ్వాను. ఉప్పు, బొగ్గు వేసి రాగి కడ్డీ పాతాను. హోరు పోయింది. ఊరందరి ఇళ్ళకీ ఎర్తింగ్ పెట్టినవాడి ఇంటికి లేదని రాష్ట్ర రాజధానిలో తెలిసిపోయింది కాబట్టి ఇక దాచడానికేమీ లేదు.

ఇప్పుడు అసలు కథ. పోయిన సంతకి మీ పెద్దమ్మ ఉన్నట్టుండి లేచి బయల్దేరింది. మీ అక్కా నేనూ వెనకాలే వెళ్ళాం. అప్పలనర్సమ్మ చింతపండు బుట్ట ముందు కూర్చుని ఉంది. మీ పెద్దమ్మ ఆవిడ ముందు నిలబడింది.

"ఓలె నర్సీ, నాను బూతులు పాడినానని సెప్పింది నువ్వేనా?"

"నానే సెప్పినాను" అంది ఆవిడ, తలెత్తకుండా.

"ఎందుకు సెప్పినావు?"

"మరేటి సెయ్యమంతావు? నీ క్యాసెట్టు అందరూ కొంటన్నారు. నాది నానే ఇనలేకపోతన్నాను."

అప్పుడు మొత్తం చెప్పింది. పార్వతీపురంలో పాడించినవాడు ఆవిడ పాట చుట్టూ కీబోర్డు వాయించాడు. అప్పటికీ జీపులకి హుషారు చాలదని పాటనే బేగి బేగి, గబగబా, తిప్పేశాడు. ఇదేమిటని అడిగితే, కొండోళ్ళు ఇలాగే పాడతారు, నాకు తెలుసు అన్నాడట.

"నాను ఎలకపిల్లలాగ కీసుమంటన్నాను సిన్నీ. నా మనవరాలు ఇని, ఎవురే అది అని అడిగింది. నీదాన్ల కూత నడిమినైనా నువ్వున్నావు. నాదాన్ల నాను లేనే లేను."

మీ పెద్దమ్మ ఆవిడ ఎదురుగా చతికిలబడింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే ఆ కట్టుడు పళ్ళు ఊడి చింతపండు బుట్టలో పడ్డాయి. ఇద్దరూ బుట్టలో చేతులు పెట్టి వెతికారు. దొరికాక వాటిని కడుగుతూ అప్పలనర్సమ్మ, "నాకూ ఇలాటివి ఎవులైనా కట్టి పెడతారేటి?" అని అడిగింది. ఆ పూట చింతపండు అమ్మడం అయిపోకుండానే ఇద్దరూ మన ఇంటికొచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం కాఫీ గింజలు ఎండబోసే కళ్ళంలో పాడించాను. ఒకే మైకు, జానెడు పక్కకి. సుక్రుని తుడుంతో దూరంగా నిలబెట్టాను. ఇంజనీరు ఈసారి ఏటి కోస్తాడని అడిగాడు. ఏమీ కోయడన్నాను. అప్పుడుగానీ కొట్టలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఒకే పాట ఎత్తుకున్నారు. రెండో పాట అయిందో లేదో పోట్లాట మొదలయింది. రికార్డింగు ఆపలేదు, ఆపబోతే ఇద్దరూ నన్ను తిడతారని భయం.

సీడీ పంపుతున్నాను. మాస్టరింగు నువ్వు చెయ్యి. టేపులు మోసేవాడివైనా సరే. నీ సంగతి ఇంట్లో చెప్పలేదు.

నీ బావ

హైదరాబాద్,
18 జనవరి 2004

బావా,

సీడీ దివ్య మేడమ్‌కిచ్చాను. వెనక్కి నా చేతిలోనే పెట్టింది. ఆదివారం గది ఖాళీగా ఉంటుంది, నువ్వే కూర్చో అంది. మొదటి గంట మౌసు మీద చెయ్యి పెట్టడానికే భయపడ్డాను. నీకు ఉత్తరాల్లో ఎంత ధైర్యంగా రాశానో తలుచుకుని సిగ్గేసింది.

చేసింది చాలా తక్కువ. ఈక్వలైజర్‌తో తుడుం దగ్గర కొంచెం పెంచాను, సుక్రుకి చెప్పు, పెంచాను. ఆ ఉచిత లిమిటర్ నిజంగానే చిటికెడు వేశాను. మేడమ్ సాయంత్రం వచ్చి వింది, లిమిటర్ ఇంకాస్త తగ్గించి వెళ్ళిపోయింది. నీ పాత క్యాసెట్టుకంటే ఇది మెత్తగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. గట్టిగా కావాలన్నవాణ్ణి జీపులో మీట తిప్పుకోమను, అది ఉన్నది అందుకే.

ఒక్క విషయంలో నీ అనుమతి అడగలేదు. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య వాళ్ళు పోట్లాడుకున్నది ఒకటిన్నర నిమిషం ఉంది. "నువ్వు ముందరే ఎత్తుకుంటే నానెక్కడ దూరాల?" "నీకు సోటెందుకే, ఏనుగువి, దారి నువ్వే సేసుకుంటావు." కోయడానికి రెండుసార్లు ప్రయత్నించాను. చెయ్యి రాలేదు. అలాగే ఉంచేశాను. పోట్లాట ఆగి ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకుని మూడో పాట ఎత్తుకునే చోట నేను లేచి బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

క్యాసెట్టు అట్ట మీద నా పేరు వెయ్యకు. ఫొటో గోడవైపే ఉండనీ.

కామేష్

సుంకరమెట్ట,
2 మార్చి 2004

కామేష్‌కి,

క్యాసెట్టు సంతకి వచ్చి మూడు వారాలయింది. నువ్వు చెమటోడ్చి చేసిన మాస్టరింగు గురించి ఒక్కడూ ఒక్క మాట అనలేదు. జీపు డ్రైవర్లు పాటలు దాటేసి తిన్నగా పోట్లాటకే తిప్పుతున్నారు. "తిట్ల పాట" అని పేరు పెట్టారు. డుంబ్రిగుడ నుంచి ఒకడు వచ్చి ఉత్త తిట్లే ఉన్న క్యాసెట్టు ఉందా అని అడిగాడు. మన ఇద్దరు గాయనీమణులకీ గర్వం పట్టలేకుండా ఉంది. సంతలో పక్కపక్కనే కూర్చుంటున్నారు, ఎవరైనా అడిగితే అక్కడికక్కడే పోట్లాడి చూపిస్తున్నారు. సుక్రు మాత్రం టేపురికార్డరు చెవి దగ్గర పెట్టుకుని తన దెబ్బలు లెక్కపెట్టుకుని, అన్నీ ఉన్నాయని తృప్తిపడ్డాడు.

నాట్లకి ఇంకా టైముంది గానీ, మీ పెద్దమ్మ పొద్దున్నే పొయ్యి దగ్గర పాడుతోంది. ఇది నీకు చెప్పమని మీ అక్క అంది.

అట్ట సంగతి. నీ పేరు వెయ్యొద్దన్నావు, కానీ అచ్చుకిచ్చే ముందు పెద్ద గొడవ జరిగింది. మీ అక్క నా చొక్కా ఉతకబోయి జేబులోంచి నీ అక్టోబరు ఉత్తరం తీసింది. చదివింది. పైకే చదివింది, అలవాటు కదా. మీ పెద్దమ్మ అక్కడే ఉంది. నేను స్తంభం మీద ఉన్నా బాగుండేది.

చదవడం అయ్యాక మీ పెద్దమ్మ, "టేపులు మోత్తన్నాడా? అయితే రాడానికేటి సిగ్గు? ఇక్కడుంటే కట్టెలు మోసీవోడు" అంది. అంతే. లేచి వెళ్ళి గోడ దగ్గర ఏదో సర్దింది. నేను చూడలేదన్నట్టు ఊరుకున్నాను.

రాత్రి అన్నాల దగ్గర అట్ట మీద ఏం రాయాలన్న మాట వచ్చింది. మాస్టరింగు, సౌండ్ ఇంజనీర్ కామేష్ అని వేద్దామన్నాను. అబద్ధం అచ్చేస్తావా అని మీ అక్క గయ్‌మంది. పోనీ సహాయకుడు అందామంటే, ఎవరికి సహాయకుడని అడిగింది. ఏమీ లేకుండా ఉత్త పేరు వేస్తే ఈ కామేష్ ఎవరని జనం అడుగుతారు కదా అన్నాను. మీ పెద్దమ్మ పళ్ళు తీసి గ్లాసులో వేసుకుంటూ, "నా కొడుకని రాయి. అడిగినోళ్ళకి తెలుస్తాది" అంది.

అలాగే రాసి విశాఖ తీసుకెళ్ళాను. ప్రెస్సువాడు కాగితం చూసి, "మాస్టరింగు: చిన్నమ్మలు కొడుకు కామేష్. ఇదేంటండీ, కొడుకన్నది ఉద్యోగం కాదు కదా, ఇక్కడ ఉద్యోగం వెయ్యాలి" అన్నాడు.

"మా ఇంట్లో అదే ఉద్యోగం. ఏడేళ్ళు కావస్తోంది, ఖాళీగా ఉంది" అన్నాను.

అట్ట ఒకటి ఇందులో పెట్టాను.

నీ బావ సర్వేశ్వరరావు